స్లాబ్ రోజు: సపోర్టులు, మాలు, మనుషులు ఎలా చూసుకోవాలి

ఐదంగుళాల మందం స్లాబ్ వేస్తే ప్రతి వంద చదరపు అడుగులకూ దాదాపు 3 టన్నుల బరువు పడుతుంది. వెయ్యి అడుగుల ఇంటికి, బీములు కలపకుండానే 29 టన్నులు. కాంక్రీటు గట్టిపడేదాకా ఆ బరువు మోసేవి కింద నిలబెట్టిన కర్రలు, జాకీలే (ఎత్తు సర్దుకునే స్టీలు సపోర్టులు). పైన పాతిక, ముప్పై మంది నడుస్తుంటారు. మిల్లర్ (కాంక్రీటు కలిపే మిషను) మోగుతుంటుంది, కాంక్రీటును కుదించే వైబ్రేటర్ అదురుతుంటుంది, ముహూర్తం దాటిపోతోందని ఓనర్ కంగారు పడుతుంటారు. ఇదంతా ఒక్క రోజులో, చాలాసార్లు ఒక్క పూటలో అయిపోవాలి.

కొత్తగా సైట్ బాధ్యత తీసుకున్న సూపర్‌వైజర్లు, జూనియర్ ఇంజనీర్లు, దగ్గరుండి ఇల్లు కట్టించుకునేవాళ్లు, మీ కోసమే ఇది రాస్తున్నాను. స్లాబ్ రోజున సేఫ్టీ ఒకరు, క్వాలిటీ ఒకరు, లేబర్‌ను ఇంకొకరు చూసుకుంటే సరిపోతుందనుకుంటారు. కానీ సైట్ మీద ఆ మూడూ ఒకే ముడిలో ఉంటాయి. అలిసిపోయిన మనిషి మాలులో (కలిపిన కాంక్రీటులో) నీళ్లెక్కువ పోస్తాడు. తిట్లకు భయపడే మనిషి వంగిన సపోర్టు కళ్లారా చూసి కూడా నోరు విప్పడు. అందుకే కింద చెప్పే ప్రతి పనిలోనూ ఆ పని చేసే మనిషిని కూడా చూడండి.

ముందు రోజు సాయంత్రం: సెంట్రింగ్ కిందికి వెళ్లండి

చాలామంది ఇంజనీర్లు పైకెక్కి స్టీలు చూసి ఫొటోలు తీసుకుని దిగిపోతారు. మీరు ముందు సెంట్రింగ్ (స్లాబ్ పోయడానికి కట్టిన పలకలు, సపోర్టులు) కింది నుంచి మొదలుపెట్టండి. చేతిలో ఒక టార్చి, ఒక చిన్న సుత్తి ఉంటే చాలు. సెంట్రింగ్ మేస్త్రిని కూడా వెంట తీసుకెళ్లండి. ఆయన లేకుండా తప్పులు వెతికి తర్వాత చదివి వినిపిస్తే ఆయనకు చిన్నతనంగా ఉంటుంది, మరుసటి రోజు మీ మాట వినరు.

ప్రతి బాదునూ (నిలువు సపోర్టు కర్రనూ) చేత్తో పట్టుకుని ఊపండి. ఊగితే దాని మీద బరువు లేనట్టే, అంటే పక్క బాదు రెండింటి బరువూ మోస్తోంది. అడుగున ఏముందో చూడండి. బేస్‌మెంట్‌లో ఈ మధ్యే నింపిన మట్టి మీద బాదులు నేరుగా నిలబెడితే, రాత్రి వాన పడినా, పైన క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచే) నీళ్లు కారినా కుంగుతాయి. కింద వెడల్పాటి చెక్క వేయించండి. ముక్క ఇటుకల మీద నిలబెట్టిన బాదు కనిపిస్తే అక్కడికక్కడే మార్పించండి, పొద్దున చూద్దాం అనొద్దు. ఇటుక పగిలేటప్పుడు ముందుగా చెప్పదు.

పోర్టికో దగ్గర, డబుల్ హైట్ హాల్ దగ్గర ఒక కర్రకు ఇంకో కర్ర కట్టి పొడవు పెంచుతారు. నా మటుకు నాకు సైట్ మొత్తంలో అత్యంత భయపెట్టే చోటు అదే. అలాంటి చోట అతుకు లేని స్టీలు సపోర్టులు అద్దెకు తెప్పించండి. అద్దె ఎక్కువని ఓనర్ గొణిగినా సరే. ఎత్తయిన సపోర్టులన్నిటినీ మధ్యలో అడ్డంగానూ, ఏటవాలుగానూ కట్టించండి. అడ్డకట్లు లేకపోతే పక్కకు తోసే బలం ఒక్కటి తగిలినా వరుసంతా వాలిపోతుంది.

ఇది గ్రౌండ్ ఫ్లోర్ పైన వేసే రెండో స్లాబ్ అయితే కింది స్లాబ్ వయసెంతో లెక్కపెట్టండి. అది ఇంకా పచ్చిగా ఉంటే దాని కింద కూడా సపోర్టులు ఉండాల్సిందే.

స్టీలు: కాళ్ల కింద జరిగే నష్టం

కవర్ బ్లాకులు (రాడ్డుకూ కాంక్రీటు అంచుకూ మధ్య దూరం ఉంచే చిన్న దిమ్మలు) ఉన్నాయో లేవో చూడటం అందరికీ తెలిసిందే. ఆ దూరం స్లాబ్‌కు 20 మి.మీ., బీముకు 25, పిల్లర్‌కు 40, లేదా డ్రాయింగ్‌లో ఎంతుంటే అంత. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇంకా ఎక్కువ అడుగుతారు. కంకర రాళ్లు కవర్‌గా పెడితే జారిపోతాయి, ఒప్పుకోవద్దు.

అంతకన్నా పెద్ద సంగతి బాల్కనీ. మామూలు స్లాబ్‌లో మధ్యన లాగుడు కింది వైపు ఉంటుంది కాబట్టి మెయిన్ స్టీలు కిందే ఉంటుంది. బాల్కనీ, సజ్జ గాల్లోకి చాచుకుని ఉంటాయి కాబట్టి లాగుడు పైవైపు ఉంటుంది, మెయిన్ స్టీలు పైనే ఉండాలి. ముందు రోజు చూసినప్పుడు పైనే ఉంటుంది కూడా. పొద్దున ఇరవై మంది గమేళాలతో దాని మీద నుంచే నడుస్తారు. మధ్యాహ్నానికి ఆ రాడ్లన్నీ తొక్కుడుకు కిందికి దిగిపోతాయి. పైన కాంక్రీటు పడ్డాక ఎవరికీ కనబడదు. సెంట్రింగ్ విప్పిన రోజో, కొన్నేళ్లకు నలుగురు దాని మీద నిలబడ్డ రోజో అది విరుగుతుంది.

దీనికి చేయాల్సింది తేలికే. పై స్టీలు కింద దగ్గర దగ్గరగా రాడ్ కుర్చీలు (పై రాడ్లను ఎత్తిపట్టే వంచిన రాడ్ ముక్కలు) పెట్టించండి. నడవడానికి చెక్క పలకలతో దారి వేయించండి. బాల్కనీ వైపు నుంచి దారి లేకుండా ప్లాన్ చేయండి. ఆ మూల కాంక్రీటు పడేటప్పుడు ఒక రాడ్ బెండర్‌ను అక్కడే నిలబెట్టండి, దిగిన రాడ్‌ను హుక్కుతో పైకి లాగడమే అతని పని. సాధారణంగా రాడ్ బెండింగ్ వాళ్లు ముందు రోజే లెక్క తేల్చుకుని వెళ్లిపోతారు. స్లాబ్ పూర్తయ్యేదాకా ఒక మనిషి ఉండాలని, ఆ రోజు కూలి వేరే ఇస్తామని మాట్లాడుకునేటప్పుడే చెప్పండి.

పొద్దున: ఐదు నిమిషాల మాట

మిల్లర్ స్టార్ట్ చేయకముందే అందర్నీ ఒకచోట నిలబెట్టండి. ఆలస్యం అవుతోందని ఇది ఎగ్గొట్టొద్దు. చెప్పాల్సినవి మూడే.

ఎవరి పని ఏది. మాలు దగ్గర ఎవరు, పరిచేది ఎవరు, వైబ్రేటర్ ఎవరిది, కింద సపోర్టులు చూసేది ఎవరు. పేరు పెట్టి చెప్పండి. "ఎవరో ఒకరు చూడండి" అంటే ఎవరూ చూడరు.

ప్రమాదం ఎక్కడెక్కడ. కరెంటు తీగ ఏ వైపుంది, డక్ట్ (పైపుల కోసం స్లాబ్‌లో వదిలిన) ఖాళీ ఎక్కడుంది. నోటితో చెప్పడమే కాదు, వేలు పెట్టి చూపించండి. ముఠాలో ఒడిశా, బీహార్, ఛత్తీస్‌గఢ్ వాళ్లుంటే వాళ్లలో తెలుగో హిందీయో వచ్చినతన్ని పిలిచి, మీరు చెప్పింది వాళ్ల భాషలో చెప్పమనండి. తర్వాత వాళ్లలో ఒకర్ని తిరిగి చెప్పమనండి. తలూపినంత మాత్రాన అర్థమైనట్టు కాదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం: పని ఆపమని ఎవరైనా అనవచ్చు. తట్ట మోసే అమ్మాయైనా సరే. "ఏదైనా తేడాగా కనిపిస్తే ఆపండి అని గట్టిగా అరవండి, ముందు ఆపుదాం, తర్వాత చూద్దాం" అని మీ నోటితో, ఓనర్, మేస్త్రి ఇద్దరూ వింటుండగా చెప్పండి.

చెప్పడం ఒక ఎత్తు, మొదటిసారి ఎవరైనా ఆపినప్పుడు మీరేం చేస్తారన్నది ఇంకో ఎత్తు. మా సైట్‌లో ఒకసారి కింద కాపలా పెట్టిన సెంట్రింగ్ కుర్రాడు, పని జోరుగా సాగుతుండగా మెట్ల మీంచి అరిచాడు. "సార్, తూర్పు మూల బాదు కిర్రుమంటోంది, ఒకసారి రండి." మిల్లర్ ఆపించాం. దిగి చూస్తే బాదు కింద కొట్టిన చెక్క మేకు జరిగి ఉంది, బాదు నిలువుగానే ఉంది. చెక్క కొట్టి, పక్కన ఇంకో జాకీ పెట్టి మళ్లీ మొదలుపెట్టాం. "దీనికోసమా ఆపింది" అని పైన ఒకరు విసుక్కున్నారు. సెంట్రింగ్ మేస్త్రి మాత్రం ఆ కుర్రాడి భుజం తట్టి, "మంచి పని చేశావురా, మళ్లీ చప్పుడైతే మళ్లీ పిలువు" అన్నాడు. ఆ మాట పదిమందీ విన్నారు. ఆ తర్వాత ఆ సైట్‌లో వైబ్రేటర్ వైరు తెగినా, చెక్క కదిలినా ఎవరో ఒకరు వచ్చి చెప్పేవారు. ఆ రోజు విసుక్కున్న మాటే నెగ్గి ఉంటే ఇంకెవరూ నోరెత్తేవారు కాదు.

కింద కాపలా ఉండేవాళ్లు స్లాబ్ అడుగున కూర్చోకూడదు. బయట నిలబడి, లోపలికి కనబడేలా లైటు పెట్టుకుని చూడాలి.

మాలులో నీళ్లు

స్లాబ్ రోజున గొడవంతా నీళ్ల దగ్గరే. పల్చటి మాలు తేలిగ్గా పారుతుంది, పని త్వరగా అవుతుంది. కానీ పోసిన ప్రతి అదనపు బకెట్టూ స్లాబ్ బలాన్ని తగ్గిస్తుంది. ఎక్కువైన నీరు ఆవిరైపోయాక ఆ చోట సన్నని ఖాళీలు మిగులుతాయి. వాన నీరు దిగేది, రాడ్డుకు తుప్పు పట్టేది అక్కడి నుంచే.

లెక్క గుర్తుంచుకోండి. ఎం20 అనే బలం గ్రేడ్ కాంక్రీటుకు నీళ్లు, సిమెంటు నిష్పత్తి 0.55 దాటకూడదు. అంటే 50 కిలోల బస్తాకు 27 లీటర్ల చిల్లర. ఇసుక తడిగా ఉంటే దానిలో ఉన్న నీరు కూడా ఈ లెక్కలోదే, కాబట్టి ఇంకా తగ్గించాలి. ఒక బకెట్టుకు పెయింటుతో గీత గీసి, మిల్లర్ దగ్గర అదొక్కటే వాడించండి. పైపు నేరుగా మిల్లర్‌లో పెట్టనివ్వొద్దు.

ఇసుక, కంకర గమేళాల లెక్కన పోస్తే ఒక్కొక్కరి గమేళా ఒక్కోలా నిండుతుంది. ఒక బస్తా సిమెంటు దాదాపు 35 లీటర్లు, అంటే 1.25 ఘనపుటడుగులు. ఆ కొలతకు చెక్క పెట్టె చేయించండి. బస్తాకు ఇసుక ఒకటిన్నర పెట్టె, కంకర మూడు పెట్టెలు. ఎం25, ఆపైన అయితే పెట్టెల లెక్కతో పని జరగదు, మిక్స్ డిజైన్ (ల్యాబ్‌లో పాళ్లు తేల్చడం) చేయించాలి.

ఇప్పుడు అసలు మాట. మధ్యాహ్నం పదకొండు దాటాక ముఠా మేస్త్రి వచ్చి అంటాడు: "సార్, మాలు లాగలేకపోతున్నాం. ఇంకో బకెట్ పోయనివ్వండి." కుదరదని కసిరి పంపేస్తే మీరు అటు తిరగ్గానే ఇంకో బకెట్ పడుతుంది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. గట్టి మాలును పారతో లాగడం నడుము విరిగే పని, ఎండ పెరిగే కొద్దీ మాలు ఇంకా బిగుసుకుంటుంది. కాబట్టి ఆయన కష్టానికి వేరే దారి చూపించాలి. పరిచే దగ్గర ఇద్దరు మనుషుల్ని పెంచండి. మాలును దూరం నుంచి లాగకుండా, దగ్గరే పడేలా చెక్క దారి జరపండి. ఇంజనీరు ముందే ఒప్పుకుని ఉంటే ప్లాస్టిసైజర్ కొలత ప్రకారం కలపండి, నీళ్లు పెంచకుండానే మాలు జారుతుంది. కంకర, ఇసుక కుప్పల మీద నీడ ఉండేలా ముందే చూసుకోండి.

రెడీమిక్స్ తెప్పిస్తే లారీ చలానాలో గ్రేడ్, ప్లాంటులో లోడ్ చేసిన టైము చూడండి. లోడ్ అయిన రెండు గంటల్లోపు మొత్తం దించేయాలి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని బిగుసుకున్న మాలులో డ్రైవరు ట్యాంకు నీళ్లు కలపబోతే ఒప్పుకోవద్దు, లారీ వెనక్కి పంపండి. డబ్బు పోతుందని బాధగానే ఉంటుంది, అయినా పంపండి.

క్యూబులు (బలం పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మలు) తప్పకుండా తీయండి. 150 మి.మీ. అచ్చులు, ఒక శాంపిల్‌కు మూడు. ఆరు నుంచి పదిహేను ఘనపు మీటర్ల కాంక్రీటుకు రెండు శాంపిళ్లు. ఏడో రోజు రిజల్టు కూడా కావాలంటే ఇంకో మూడు అదనంగా పోయండి. మంచి మాలు ఏరి క్యూబులు చేసే అలవాటు చాలా చోట్ల ఉంది. అలా చేస్తే మీరు పరీక్షించింది ఆ క్యూబునే, స్లాబును కాదు. పని మధ్యలో, ఎవరికీ చెప్పకుండా, పడుతున్న మాలు నుంచే తీయండి.

కరెంటు, అంచులు, సంపు

వైబ్రేటర్, మిల్లర్ రెండూ తడిలోనే నడుస్తాయి. 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై తెంచే స్విచ్) లేకుండా లైను ఇవ్వొద్దు. టేపు చుట్టిన అతుకులు నీళ్లలో పడుకోకుండా కర్రల మీదుగా లాగించండి. స్పేర్ నీడిల్ (వైబ్రేటర్‌కు కాంక్రీటులో దింపే గొట్టం) ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. నీడిల్ అడుగుకో చోట నిటారుగా దింపాలి, పది, పదిహేను సెకన్లు ఉంచి మెల్లగా తీయాలి. రాడ్లకు ఆనించి అదిరించొద్దు.

ఇంటి పక్క నుంచి 11 కేవీ లైను పోతుంటే ఇంకో లెక్క చూడాలి. స్టీలు రాడ్ పొడవు 12 మీటర్లు. పైకి లాగేటప్పుడు, తిప్పేటప్పుడు దాని చివర ఎక్కడికి పోతుందో మోసేవాడికి తెలియదు. ఆ వైపు నుంచి రాడ్లు ఎక్కించడమే మానేయండి. లైను మరీ దగ్గరైతే కరెంటు ఆఫీసుకు ముందే రాసిచ్చి సప్లై ఆపించుకోండి.

అంచుల వెంట నడుమెత్తులో కర్రలు కట్టించండి, డక్టుల మీద గట్టి చెక్కలు మేకులతో బిగించండి. ఊరికే పరిచిన ప్లైవుడ్ ముక్కను ఎవరో ఒకరు ఇంకో పనికి ఎత్తుకెళతారు, కింద ఖాళీ ఉందని తర్వాత వచ్చినవాడికి తెలియదు.

సైట్‌లో కూలీల పిల్లలుంటారు. ఎక్కడో ఒకచోట సంపు ఉంటుంది, అందులో క్యూరింగ్ కోసం నింపిన నీళ్లుంటాయి. పెద్దవాళ్లందరూ పైన ఉండే రోజు స్లాబ్ రోజే. సంపు మూత బిగించి పైన బరువు పెట్టండి. పిల్లల్ని చూసుకోవడానికి ఒక పెద్దావిడకు ఆ రోజు పూర్తి కూలి ఇచ్చి కూర్చోబెట్టండి. సైట్ ఖర్చుల్లో ఇంతకన్నా మంచి ఖర్చు నేను చూడలేదు.

కూలి, తిండి, ఆరోగ్యం

స్లాబ్ పని ఎక్కువగా గుత్తకే ఇస్తారు. గుత్తకిచ్చిన పనికి తొందర సహజం, ఎంత త్వరగా ముగిస్తే వాళ్లకంత లాభం. ఆ తొందర తగ్గాలంటే ఒప్పందంలోనే కొన్ని రాసుకోండి. మన చెకింగ్ వల్ల పని ఆగితే ఆ టైముకు కూలి కట్టిస్తామని ముఠా మేస్త్రికి ముందే చెప్పండి. అప్పుడు ఆపమన్నా ఆయనకు కోపం రాదు.

మందు డబ్బులు, మామూళ్లు పని మొత్తం ముగిసి, అందరూ కిందికి దిగాకే. ఓనర్లు సంతోషం కొద్దీ మధ్యాహ్నమే చేతిలో పెట్టబోతారు, ఆపండి. బదులుగా పొద్దున టిఫిన్, పదింటికి మజ్జిగ, వేళకు భోజనం వాళ్ల చేత పెట్టించండి. ఏప్రిల్, మే నెలల్లో అయితే తెల్లవారకముందే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ఎక్కువ భాగం ముగించేలా చూసుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు సైట్‌లో ఉండాలి. మాటలు తడబడుతున్న మనిషిని నీడలోకి తెచ్చి ఒంటి మీద నీళ్లు పోసి వెంటనే 108కి ఫోన్ చేయండి.

తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. కాళ్లకు బూట్లు లేకుండా గంటల తరబడి మాలులో నిలబడ్డవాళ్లకు ఆ రాత్రి పాదాలు పుండ్లు పడతాయి. గమ్ బూట్లు, చేతి తొడుగులు కొని సైట్‌లోనే ఉంచండి. ఆడవాళ్ల సైజులు కూడా తెప్పించండి, పెద్ద బూట్లు ఇస్తే విప్పేసి వట్టి కాళ్లతోనే నడుస్తారు. వాళ్లకు తలుపున్న మరుగుదొడ్డి లేకపోతే రోజంతా నీళ్లు తాగడం మానేస్తారు, ఎండదెబ్బ తగిలేది వాళ్లకే ముందు.

ఆ రోజు పనికి వచ్చిన ప్రతి ఒక్కరి పేరు, ఊరు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల బిల్డింగ్ కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెళ్లిన కూలీలు చాలామంది. ఎవరు లోపలున్నారో, ఎవరికి కబురు చెప్పాలో తెలియని స్థితి ఏ సైట్‌కూ రాకూడదు. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. చాలామందికి కార్డు ఉండదు. పని చేసినట్టు కాగితం రాసివ్వడానికి మీకు పట్టేది పది నిమిషాలు.

మధ్యలో ఆగిపోతే

వాన రావచ్చు, మిల్లర్ చెడిపోవచ్చు. స్లాబ్ ఎక్కడ ఆపవచ్చో స్ట్రక్చరల్ ఇంజనీరును ముందే అడిగి డ్రాయింగ్ మీద గీత గీయించుకోండి. సాధారణంగా రెండు బీముల మధ్య నడిమి భాగంలో, అడ్డం చెక్క పెట్టి నిటారుగా ఆపుతారు. మాలు ఏటవాలుగా జారిన చోట వదిలేస్తే ఆ జాయింటు నుంచే నీరు కారుతుంది. టార్పాలిన్లు పొద్దునే పైకి చేర్చండి.

స్లాబ్ అయ్యాక

పైన గట్టిపడగానే మడులు కట్టి నీళ్లు నిలపండి. ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండాకాలం 10. ఇళ్లకు ఎక్కువగా వాడే పీపీసీకి (ఫ్లైయాష్ లాంటివి కలిపిన సిమెంటుకు) 10 రోజులు తప్పనిసరి, 14 అయితే మంచిది. క్యూరింగ్ వాచ్‌మన్‌కు వదిలేస్తే పొద్దున ఒకసారి తడిపి ఊరుకుంటారు. పగలు రెండుసార్లు ఫొటో పంపమని అడగండి, మధ్యలో ఒకసారి చెప్పకుండా వెళ్లి చూడండి.

సెంట్రింగ్ విప్పే తేదీ గోడ మీద బొగ్గుతో రాసి పెట్టండి. స్పాన్ (ఆనుకునే రెండు గోడలు లేదా బీముల మధ్య దూరం) నాలుగున్నర మీటర్ల లోపున్న స్లాబ్‌కు సపోర్టులు 7 రోజులు, దాటితే 14. ఆరు మీటర్ల లోపు స్పాన్ బీములకు 14, దాటితే 21. ఇవి ఓపీసీ లెక్కలు. పీపీసీ మెల్లగా బలం పుంజుకుంటుంది కాబట్టి ఇంకొన్ని రోజులు కలపండి. సెంట్రింగ్ మేస్త్రికి ఇంకో సైట్‌లో పని మొదలై పలకలు, జాకీలు కావాలని ఒత్తిడి వస్తుంది. అది ఆయన బతుకుతెరువు, తప్పు పట్టొద్దు. ఎన్ని రోజులు ఉంచాలో మొదట అద్దె మాట్లాడేటప్పుడే చెప్పి ఉంటే ఈ పేచీ రాదు.

విప్పేటప్పుడు స్లాబ్‌కు మధ్య నుంచి గోడల వైపు, బాల్కనీకి బయటి చివర నుంచి లోపలి వైపు విప్పాలి. కింద ఎవరూ ఉండకూడదు. విప్పగానే బీముల అడుగు, పిల్లర్ కలిసే చోట్లు సుత్తితో తట్టి చూడండి. డొల్లగా మోగినా, కంకర తేలి రాడ్ కనిపించినా సిమెంటు పూసి మూసేయనివ్వొద్దు. ఫొటో తీసి స్ట్రక్చరల్ ఇంజనీరుకు పంపి, ఆయన చెప్పినట్టే రిపేరు చేయించండి. ఏడో రోజు క్యూబులు 28 రోజుల బలంలో మూడింట రెండు వంతులైనా చూపించాలి. అంతకు బాగా తగ్గితే 28వ రోజు రిజల్టు వచ్చేదాకా పై అంతస్తు పిల్లర్లు లేపొద్దు.